ఆయన మొదటి భార్య ఎలా పోయిందో అడగనా, ఊరుకోనా?

ప్రశ్న: అక్కా, మాది కోనసీమలో ఒక పల్లెటూరు. నాకు 34 ఏళ్ళు. 2013లో పెళ్ళయింది, ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది నాలుగో తరగతి. మా ఆయనది కొబ్బరి వ్యాపారం. తాగుడు లేదు, పేకాట లేదు, పిల్లలంటే ప్రాణం. మొన్న కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని "మా అమ్మాయి పోయాక అతన్ని చేసుకున్న పిల్లవి నువ్వేనా" అని అడిగింది. కాసేపు ఏడ్చి, మా చిన్నదాని చేతిలో తను కొనుక్కున్న జీళ్ళ పొట్లం పెట్టి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి ఆడపడుచును నిలదీస్తే అప్పుడు చెప్పింది. ఆయనకు 2008లో ఒక పెళ్ళయిందట. రెండేళ్ళకి ఆ అమ్మాయి మే నెలలో కాలవ రేవుకు బట్టలు ఉతకడానికి వెళ్ళి జారిపడి చనిపోయిందట. పుట్టింటివాళ్ళు కట్నం కోసం చంపేశారని కేసు పెడితే మా ఆయన, మా మామగారు కొన్నాళ్ళు జైల్లో ఉన్నారట, తర్వాత కోర్టు కొట్టేసిందట. "అయిపోయినదాన్ని తవ్వకు వదినా, నీ కాపురమే పాడవుద్ది" అంది. నాకు తెలిసిపోయిందని ఆయనకు తెలియదు. నెల దాటింది, నిద్ర లేదు. మాకు కట్నం పెద్దగా అడగలేదు కాబట్టి మా నాన్నకు ఇదంతా ముందే తెలుసేమోనని కూడా అనుమానం. ఆయన నన్నెప్పుడూ కొట్టలేదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి కోపంలో మెడ పట్టుకుని గోడకు నొక్కారు, అది తప్ప ఇంకేమీ లేదు. అడగాలా? క్షమించి ఊరుకోవాలా?

జవాబు: అడగాలి చెల్లెమ్మా. కానీ ఇవాళ కాదు. పిల్లలు పడుకున్నాక రాత్రిపూట, ఇంట్లో మీరిద్దరే ఉన్నప్పుడు అసలే వద్దు.

ఎందుకంటే నువ్వు చివర్లో, చెప్పాలి కాబట్టి చెప్పినట్టు రాసిన వాక్యం ఉందే, మెడ పట్టుకుని గోడకు నొక్కిన సంగతి, నా కళ్ళు అక్కడే ఆగిపోయాయి. "అది తప్ప ఇంకేమీ లేదు" అన్నావు. మన ఆడవాళ్ళ లెక్కలు ఇలాగే ఉంటాయి, చెంపదెబ్బ పడితే కొట్టినట్టు, మెడ పట్టుకుంటే కోపం వచ్చినట్టు. గృహహింస మీద పరిశోధన చేసినవాళ్ళు దీన్ని వేరే ఖాతాలో రాస్తారు. భార్య మెడ ఒక్కసారైనా నొక్కిన మగాడి చేతిలో ఆ భార్య తర్వాత ప్రాణాలు పోగొట్టుకునే ప్రమాదం చాలా రెట్లు ఎక్కువని తేల్చారు. ఇన్నేళ్ళుగా మళ్ళీ జరగలేదు కదా, మనిషి మారి ఉండొచ్చు, నేను కాదనను. కానీ ఒక భార్య పోయి, ఆ కేసులో జైలుకు వెళ్ళొచ్చి, ఏదో దేవుడి దయవల్ల ఇంకో పెళ్ళయిందిలే అనుకోవాల్సిన మనిషికి ఆ కొత్తలోనే చెయ్యి మెడ మీదకు ఎలా వెళ్ళిందో నాకు మింగుడు పడటం లేదు.

కాబట్టి ముందు కాగితం సంపాదించు. ఆ తర్వాత మనుషుల్ని అడుగు. ఆయన్ని అడగడం ఆఖర్న.

"కోర్టు కొట్టేసింది" అని మీ ఆడపడుచు అన్న మాట పట్టుకుని ధైర్యమూ తెచ్చుకోకు, అనుమానమూ పెంచుకోకు. పెళ్ళయిన ఏడేళ్ళలోపు ఆడపిల్ల అనుమానాస్పదంగా చనిపోతే పోలీసులతో పాటు తహసీల్దారు కూడా వచ్చి శవపంచనామా చేస్తారు. చావుకు ముందు కట్నం కోసం వేధించినట్టు కనబడితే 304బి సెక్షన్ పెడతారు, అందులో శిక్ష పడితే ఏడేళ్ళకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. (2024 జులైలో కొత్త చట్టం వచ్చి నంబర్లు మారాయి కానీ మీ ఆయన కేసు పాత నంబర్ల కిందే ఉంటుంది.) ఇలాంటి కేసు రాజీ చేసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ఒప్పుకోదు కాబట్టి మన దగ్గర రాజీ దొడ్డిదారిన వస్తుంది. పెద్దమనుషులు కూర్చుంటారు, ఇంత అని తేలుస్తారు, వాయిదా రోజున ఆ పిల్ల తల్లీ తండ్రే బోనెక్కి మాకేమీ తెలియదు, పోలీసులే రాసుకున్నారు అంటారు. సాక్షులు హాస్టైల్ అయ్యారని కోర్టు భాషలో దానికో పేరు, కేసు పోతుంది. ఇంకో రకం కూడా ఉంటుంది. నిజంగానే ప్రమాదం జరిగి, కడుపుకోత తట్టుకోలేక అల్లుడి మీద కేసు పెట్టి, చివరికి పోస్టుమార్టం చేసిన డాక్టరు సాక్ష్యం, చుట్టుపక్కల వాళ్ళ సాక్ష్యం విని జడ్జి గారు ఇందులో నేరం లేదని కొట్టేసిన కేసు. బయటికి రెండింటికీ ఒకటే మాట, "కొట్టేశారు". తీర్పు కాగితం చదివితే ఏ రకమో అరగంటలో తెలిసిపోతుంది. ఒంటి మీద దెబ్బలున్నాయా, అవి చావుకు ముందువా తర్వాతవా, నీళ్ళలో మునిగే పోయిందా, ఎవరు ఏం చెప్పారు, ఎవరు మాట మార్చారు, అన్నీ అందులో రాసి ఉంటాయి.

2010 నాటికి మీదంతా తూర్పు గోదావరి జిల్లా కాబట్టి కేసు అమలాపురంలోనో రాజమండ్రిలోనో సెషన్స్ కోర్టులో నడిచి ఉంటుంది. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి వెతకొచ్చు కానీ అంత పాతవి అన్నీ అందులో దొరకవు, పైగా ఇంట్లో అందరూ తీసే ఫోన్లో వెతికావంటే ఏం వెతికావో అందులో ఉండిపోతుంది. లాయరు ద్వారా ఆ తీర్పు సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టించు. కేసులో లేనివాళ్ళు అడిగితే ఎందుకు కావాలో రాసిచ్చి కోర్టు అనుమతి తీసుకోవాలి, అది లాయరు చూసుకుంటారు. ఖర్చు సంగతి భయపడకు, ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలని 1987 నాటి చట్టమే చెబుతోంది. కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవల ఆఫీసుకు వెళ్ళి అడుగు, లేదా 15100కి ఫోన్ చెయ్యి. అమలాపురం ఆసుపత్రికని చెప్పి వెళ్ళినా సరిపోతుంది, ఈ ఒక్కదానికి అబద్ధం ఆడితే పాపం రాదు.

నేను తవ్వితే ఆయన మళ్ళీ జైలుకు పోతాడేమోనని నీ లోపల ఎక్కడో ఉండే ఉంటుంది. ఆ భయం వద్దు. ఒకసారి విచారణ జరిగి నిర్దోషిగా వదిలేశాక, ఆ తీర్పు నిలిచి ఉన్నంతకాలం మళ్ళీ అదే నేరానికి కేసు నడపడానికి వీల్లేదు. నువ్వు చదివేది నీకోసం.

ఇక ఆ కాలవ సంగతి. మే నెలలో రేవులో జారిపడిందని రాశావు. నువ్వూ నేనూ ఈ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళమే. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి, అది 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ మన బతుకంతా ఈ కాలవల లెక్క మీదే కదా, దాళ్వా, అదే రెండో పంట, అవుతూనే ఏప్రిల్‌లో కాలవలు కట్టేస్తారు, పూడికలూ రిపేర్లూ చేసుకుంటారు, మళ్ళీ జూన్‌లో వదులుతారు. తేదీలు ఏడాదికో రకంగా జరుగుతాయి కానీ మే నెలలో నిండు కాలవ అన్నది మామూలుగా చూసేది కాదు. మా చిన్నప్పుడు మే నెలంటే కాలవ అడుగున క్రికెట్. అలాగని ఈ ఒక్క ముక్క పట్టుకుని ఆయన్ని హంతకుణ్ణి చెయ్యకు. లాకుల దగ్గరా, వంతెనల కిందా, రేవు మెట్ల దిగువనా గుంటల్లో నీళ్ళు నిలుస్తాయి, ఈత రాని మనిషి పోవడానికి మొల లోతు చాలు. ఆ ఏడాది కాలవ ఆలస్యంగా కట్టి ఉండొచ్చు, మీ ఆడపడుచు నెల తప్పు చెప్పి ఉండొచ్చు. అసలు తేదీ ఆ కాగితంలో ఉంటుంది. రేవు ఎక్కడో నీకు తెలుసు. ఇప్పుడైతే దాళ్వా నీళ్ళతో నిండుగా ఉంటుంది, కాలవ కట్టేశాక ఒకసారి వెళ్ళి నీ కళ్ళతో చూడు.

దానికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకోటి ఉంది. మా పెద్దమ్మది రెండో సంబంధం. మెడలో పుస్తెలతో పాటు మొదటావిడ పేరు మీద చిన్న బంగారు బిళ్ళ ఒకటి ఉండేది, చనిపోయేదాకా తియ్యలేదు. ఇంట్లో ఏ శుభకార్యమైనా ముందు ఆవిడకు పసుపు కుంకుమ, రవికెల గుడ్డ, కొత్త చీర పెట్టి దణ్ణం పెట్టుకున్నాకే మిగతావి. పేరంటాలు అనేవాళ్ళు ఆవిణ్ణి, పేరు పెట్టి పిలిచినా భక్తిగానే పిలిచేవాళ్ళు. మా పెద్దమ్మ పిల్లలకు కూడా ఆవిడ మూలనున్న పటంలో ఒక అమ్మే. ముత్తైదువుగా పోయిన ఆడదాన్ని అలా చూసుకునే ఊళ్ళు మనవి. మరి మీ ఇంట్లో పన్నెండేళ్ళుగా దండ వేసిన ఫోటో లేదు, ఆబ్దికం లేదు, ఒక శుభలేఖ ముక్క కూడా నీ కంటపడలేదు. జారిపడి పోయిన కోడలైతే దాచాల్సిన పనేముంది? ఉండొచ్చులే, కేసని తెలిస్తే పిల్లనెవరిస్తారని దాచి ఉంటారు, ఆ తర్వాత చెప్పడానికి నోరు రాక అలా వదిలేసి ఉంటారు, పిరికితనం నేరం కాదు. కానీ ఆ అమ్మాయిని ఇంట్లోంచి ఇంత శుభ్రంగా తుడిచేశారంటే ఎవరో ఒకరు పూనుకుని చేసిన పని అది, ఆ ఒకరెవరో కనుక్కో. నాకు మీ మామగారి మీదే అనుమానం, కారణం అడగకు, ఇన్నేళ్ళు ఉత్తరాలు చదివిన అనుభవం అంతే.

ఊరు కూడా తక్కువ తినలేదు. ఎవరింట్లో పులుసు మాడినా వీధి చివరిదాకా వాసన పట్టే ఊళ్ళు మనవి, అయినా కొత్త కోడలికి మాత్రం చెప్పరు, కాపురం కూల్చిన పాపం మాకెందుకని. నీకు పన్నెండేళ్ళ తర్వాత చెప్పింది ఎవరు? చెప్పడం వల్ల ఒక్క రూపాయి లాభం లేని మనిషి, ఆ పోయిన పిల్ల తల్లి. తిట్టలేదు, శాపం పెట్టలేదు, నీ కూతురి చేతిలో జీళ్ళు పెట్టింది.

ఆవిణ్ణి కలువు. నీతోపాటు నమ్మకమైన మనిషిని, మీ అక్కనో పిన్నినో తీసుకెళ్ళు. ఆవిడ చెప్పేదంతా వేదం అనుకోవాల్సిన పని లేదు, ఆవిడ కూడా ఒక పక్షమే, బహుశా బోనులో మాట మార్చింది కూడా ఆవిడేనేమో, అలా అయితే ఆ సిగ్గు ఆవిడ్ని ఇన్నేళ్ళూ తినేసి ఉంటుంది. వాదించకు, "మీ అమ్మాయి గురించి చెప్పండి" అను చాలు. ఎలా పోయిందన్నది ఆవిడే చెబుతుంది. పోయే ముందు పుట్టింటికి ఎన్నిసార్లు వచ్చింది, వచ్చినప్పుడు ఏమని వెళ్ళింది, అవి విను.

మీ నాన్న సంగతి. తెలుసనే నా అనుకోలు. మగపిల్లాడికి తోట ఉండి, వ్యాపారం ఉండి, కట్నం గట్టిగా అడగలేదంటే పెళ్ళిళ్ళ పేరయ్య దగ్గర్నుంచి వంటవాడిదాకా అందరికీ కారణం తెలిసే ఉంటుంది. "కేసు కొట్టేశారు కదా, కుర్రాడు బుద్ధిమంతుడు" అని మీ నాన్నకు మీ నాన్నే సర్దిచెప్పుకుని ఉంటాడు. కోపం వస్తే తెచ్చుకో, హక్కుంది. కానీ ఇప్పుడు నీకు పుట్టింటి గది అవసరం పడొచ్చు, కాబట్టి గొడవ తర్వాత పెట్టుకో. ముందు నెమ్మదిగా అమ్మను అడుగు. అమ్మలకు తెలుస్తుంది, ఎవరూ అడగరు కాబట్టి చెప్పరు.

ఒక విషయం మాత్రం తొందరగా చూసుకోవాలి. ఊరుకుంటే పోయేదేముంది అనుకుంటున్నావేమో, పోతుంది. మీది హిందూ పద్ధతిలో జరిగిన పెళ్ళి అనుకుని చెబుతున్నాను. ముఖ్యమైన సంగతి దాచి మోసంతో ఒప్పించిన పెళ్ళిని రద్దు చెయ్యమని అడిగే హక్కు హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్‌లో ఉంది, కానీ మోసం బయటపడిన రోజు నుంచి ఏడాదిలోపే అడగాలి. దానికి తోడు, తెలిసిన తర్వాత కూడా ఇష్టపూర్వకంగా కాపురం చేస్తే ఆ హక్కు పోతుంది. నీ లెక్క కనుమ నాటి నుంచి మొదలైంది. ఆ జీళ్ళ పొట్లం నాటి తేదీ ఎక్కడైనా రాసి పెట్టుకో. నీ కేసుకు ఈ సెక్షన్ వర్తిస్తుందా లేదా అన్నది లాయరే చెప్పాలి, మీ నాన్నకు తెలుసా, నీకు చెప్పారా అన్న ప్రశ్న కూడా అక్కడ వస్తుంది. ఒకవేళ రద్దయినా నీ పిల్లల హోదాకు ఏ లోటూ రాదు, అదే చట్టం 16వ సెక్షన్ వాళ్ళను సక్రమ సంతానంగానే చూస్తుంది. నువ్వు విడిపోవాలని నేను అనడం లేదు, ఈ నెలలు గడిచేకొద్దీ ఏ తలుపు మూసుకుంటుందో తెలిసి కూర్చోమంటున్నాను. ఒకప్పుడు ఇలాంటి ఉత్తరానికే "పిల్లల మొహం చూసి సర్దుకోమ్మా" అని రాసినదాన్ని నేను, ఆవిడ మళ్ళీ రాయలేదు, ఎందుకు రాయలేదా అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

అన్నీ చేతికొచ్చాక ఆయన్ని అడుగు. పగలు, మీ పుట్టింట్లో, వీలైతే మీ అమ్మావాళ్ళు పక్క గదిలో ఉండగా. ఆ రోజు పిల్లలు వేరే ఎక్కడైనా ఉండాలి. నీ బ్యాంకు పాస్‌పుస్తకం, ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు, నీ బంగారం అంతకుముందే నీ దగ్గరికి చేరి ఉండాలి. సర్టిఫైడ్ కాపీ చూపించకు, అది నీ దగ్గరుందని కూడా అనకు. "మీకు ముందు ఒక పెళ్ళయిందని తెలిసింది, ఆమె గురించి చెప్పండి" అని ఆగు. ఆ తర్వాత నువ్వేమీ మాట్లాడకు, ఎంత కష్టమైనా. ఆయన చెప్పేదీ కాగితంలో ఉన్నదీ ఎక్కడ కలుస్తున్నాయో, ఎక్కడ కలవడం లేదో నీకే తెలుస్తుంది. మొదట ఏమడుగుతాడో గమనించు, "ఎవరు చెప్పారు నీకు" అంటాడా, ఆమె పేరు ఎత్తి ఏడుస్తాడా. రెండోది చూసి కూడా వెంటనే కరిగిపోకు, మొదటిది చూసి కూడా వెంటనే తీర్పు చెప్పెయ్యకు, పదిహేనేళ్ళ నుంచి భయంతో బతికిన మనిషి నోటికి ముందు "ఎవరు చెప్పారు" అనే వస్తుంది. కానీ ఆ రోజు రాత్రి మీ ఇంటికి వెళ్ళకు. వారం పది రోజులు పుట్టింట్లోనే ఉండు. గృహహింస చట్టం ప్రకారం ఆ ఇంట్లో ఉండే హక్కు నీకుంది, పుట్టింటికి వచ్చినంత మాత్రాన అది పోదు. మధ్యలో ఎప్పుడైనా భయం వేస్తే 181 ఆడవాళ్ళ కోసం ఉన్న నంబరు, అప్పటికప్పుడు ప్రమాదమైతే 112. నెల రోజుల నుంచి నిద్ర లేదన్నావు, దాన్ని తేలిగ్గా తీసుకోకు, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

క్షమించాలా అని అడిగావు. దాచినందుకు క్షమించాలా వద్దా అన్నది నీ ఇష్టం, అది నీకు జరిగిన అన్యాయం. ఆ అమ్మాయికి ఏదైనా జరిగి ఉంటే మాత్రం దాన్ని క్షమించడానికి నువ్వెవరు, నేనెవరు చెల్లెమ్మా. నీకు ఆయన మంచి భర్త కావచ్చు, మీ పిల్లలకు మంచి తండ్రి కావచ్చు, అవి ఆ లెక్కలోకి రావు. ఈ రెండింటినీ కలిపేసి పక్కన పడుకున్న మనిషిని చూసి రోజూ తూకం వేసుకుంటున్నావు కాబట్టే నిద్ర పట్టడం లేదేమో.

ఇంకొక్కటి. నాలుగు పేజీల ఉత్తరంలో ఆ అమ్మాయి పేరు ఎక్కడా లేదు. మీ ఆడపడుచు చెప్పలేదా, నువ్వు అడగలేదా? కాగితం రావడానికి రోజులు పడుతుంది, పేరు ఈలోగానే తెలుసుకోవచ్చు. ఆ పెద్దావిణ్ణి కలిసినప్పుడు మొదట అదే అడుగు.